యాగీ యాంటెన్నా: కొనే ముందు, కట్టే ముందు

▪ యాగీ అంటే ఒకే దిక్కుకు గురిపెట్టి వాడే, అడ్డ కడ్డీల రేడియో యాంటెన్నా. అమెచ్యూర్ (హ్యామ్ రేడియో) లైసెన్సు చేతికి రాకుండా ప్రసారం చేయకండి.

▪ మీ బ్యాండ్ (వాడే ఫ్రీక్వెన్సీల శ్రేణి) ఏదో తేల్చుకోండి. మన దేశంలో 2 మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. దీనికి మూడు ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) యాగీ ఇంట్లోనే కట్టుకోవచ్చు, నేనైతే అదే చేయమంటాను. నడిమి ఎలిమెంటు మీటరుకు కాస్త తక్కువ. ముందు పొడవుగానే కోసి, ఎస్‌డబ్ల్యూఆర్ (సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) చూస్తూ కొద్దికొద్దిగా తగ్గించండి. 20 మీటర్ల బ్యాండ్‌కైతే ఒక్కో ఎలిమెంటే దాదాపు 10 మీటర్లు, అది కొనుక్కోవడమే మేలు.

▪ కొంటే 50 ఓమ్‌లదేనా (రేడియోకు, కేబుల్‌కు పొసగే ఇంపీడెన్సు), కనెక్టర్ మీ కేబుల్‌కు సరిపోతుందా అడగండి. బోల్టులు స్టెయిన్‌లెస్‌వేనా అని తప్పకుండా చూడండి. కావలిలో మా డాబా మీద నేను మామూలు ఇనుప బోల్టులు వేశాను. ఒక్క వానాకాలానికే తుప్పు కారింది, వాటి చుట్టూ అల్యూమినియం మీద తెల్లటి పొడి లేచింది. ఉప్పుగాలి అంతే! సముద్రం ఒడ్డున కొత్తపట్నం, మైపాడు వైపు వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. రాగి తీగను నేరుగా అల్యూమినియానికి బిగించకండి. కనెక్టర్ మీద రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టండి, అప్పుడే వాన నీళ్లు మడతల్లోకి దిగవు.

▪ అన్నిటికన్నా ముఖ్యం కరెంటు తీగ. యాంటెన్నా స్తంభం ఎటు ఒరిగినా తీగకు తగలకూడదు. స్తంభం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం ఉంచండి. ఒంటరిగా ఎక్కకండి.

▪ అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు రాగానే దించేలా స్తంభానికి కీలు పెట్టించండి. ఉరుము వినబడక ముందే కేబుల్ ఊడదీయండి.