ఇంట్లో పెద్దవాళ్లకు పాట వినిపించడం – 3వ పాఠం: ఒకసారికి ఒక్క మెట్టు

మొదటి పాఠంలో, మీ ఇంట్లో పెద్దవాళ్లు పనిచేసుకుంటూ ఏ పాట కూనిరాగం తీస్తున్నారో గమనించి రాసుకోమన్నాను. రెండో పాఠంలో, "ఆ పాటలు నాకొద్దు" అన్న మాట వెనక అసలు అభ్యంతరం ఏమిటో పట్టుకోవడం చూశాం. పాటలోని మాటలా, వాయిద్యాల హోరా, పాడే తీరా, పక్కన అల్లుడు కూర్చుని ఉండటమా? ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ వారం దానితోనే పని.

ఈసారి నేర్చుకునే పద్ధతి ఒకటే. వాళ్లకు ఇప్పటికే ఇష్టమైన పాట దగ్గర మొదలుపెట్టి, ఒకసారికి ఒక్కటే మార్చాలి. పాట అదే ఉంచి గొంతు మార్చండి. లేదా గొంతు అదే ఉంచి పాట మార్చండి. లేదా రాగం అదే ఉంచి పాట మార్చండి. రెండు మూడు ఒకేసారి మార్చామంటే, చేపల పులుసులో చింతపండూ మామిడికాయా కారం అన్నీ ఒకేరోజు మార్చి, ఎక్కడ చెడిందో తెలియక తల పట్టుకున్నట్టు ఉంటుంది.

మా మేనత్త సంగతే చూద్దాం. వాళ్లది ఉలవపాడు. ఇంట్లో సినిమా పాట మోగితే "గమ్మున ఆపరా నాయనా" అంటుంది. అదే మనిషి పప్పులో రాళ్లు ఏరుతూ 'నగుమోము గనలేని' అని సన్నగా పాడుకుంటుంది. త్యాగరాజ కీర్తన, ఆభేరి రాగం. ఆమె చెవికి అలవాటైన గొంతు మంగళంపల్లి బాలమురళీకృష్ణది. ఇదే మన మొదటి మెట్టు. ఇక్కడ కొత్తగా వినిపించేదేమీ లేదు, అదే కీర్తన ఆయన గొంతులోనే పెట్టి, ఆమె కుదురుగా కూర్చుందో లేదో చూస్తాం.

రెండో మెట్టు, అదే కీర్తన నాదస్వరం మీద. మాటలు లేవు కాబట్టి మాటల మీద అభ్యంతరం ఉండదు. పెళ్లిలోనూ గుళ్లోనూ విన్న వాయిద్యమే కాబట్టి కొత్తా అనిపించదు. మూడో మెట్టు 'నీ లీల పాడెద దేవా'. 1962 నాటి ఒక తమిళ సినిమాకు డబ్బింగ్ అయిన 'మురిపించే మువ్వలు'లోది. ఎస్.జానకి గొంతూ కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరమూ పోటీపడి సాగుతాయి. ఇదీ ఆభేరే. నాదస్వరం ముందు మెట్టులోనే విన్నారు, రాగం మొదటినుంచీ ఉన్నదే, మాటలు దేవుణ్ణి ఉద్దేశించినవి. మారింది పాటొక్కటే. మా అత్త సగం పాటయ్యాక "సన్నాయి ఎవురిదిరా?" అంది. పాడినామె ఎవరని అడగలేదు, ఆ గొంతు ఆమెకు తెలుసు.

ఇది సినిమా పాటేనా అని వాళ్లు అడిగితే అవునని చెప్పేయండి. భక్తి పాటని నమ్మించి వినిపిస్తే, తర్వాత మనవడెవడో అసలు విషయం చెప్పేస్తాడు. ఆ పైన మీరు త్యాగరాజ కీర్తన పెట్టినా అనుమానంగానే చూస్తారు.

సన్నాయి ఎవరిదని అడిగిన క్షణాన్ని వదులుకోకండి. ఈ పాటలో వాయించింది అరుణాచలమని చెప్పి, ఆ వెంటనే ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా పేరూ చెప్పండి. ఆయనా నాదస్వర విద్వాంసుడే. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. "మన కరవది ఆయనా!" అన్నారంటే తర్వాతి పాట వాళ్లే అడుగుతారు. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల, ఆ పేరున్న ఊరు కంభం దగ్గర ఉంది, ఇదీ చెప్పండి. పెద్దవాళ్లకు పాట వెనక ఊరూ ఇంటిపేరూ తెలిస్తే, ఆ పాట పరాయిదనిపించదు. అయితే రెండు మాటల్లో ముగించాలి. పాట మధ్యలో ఉపన్యాసం మొదలుపెట్టే మేనల్లుడి కంటే పాటే నయం.

గొంతు అదే ఉంచి పాట మార్చడానికి నెల్లూరు జిల్లాలో బాలు గొంతు కంటే సులువైన దారి లేదు. తండ్రి సాంబమూర్తి హరికథలు చెప్పేవారు. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని బాలు 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చారు. సినిమాలంటే పడని పెద్దాయనలు కూడా ఆ ఒక్క పనికే ఆయన పేరు గౌరవంగా తలుస్తారు. అక్కడినుంచి 'శంకరాభరణం'లోని 'బ్రోచేవారెవరురా'కు వెళ్లండి. అది మైసూరు వాసుదేవాచార్య కీర్తన, సినిమా కోసం పుట్టింది కాదు.

మీ పెద్దవాళ్లు చర్చికి వెళ్లేవాళ్లైతే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల దగ్గర మొదలుపెట్టండి. పాత పుస్తకాల్లో కీర్తన పైనే రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కాబట్టి రాగం వెతుక్కునే శ్రమ కూడా తప్పుతుంది.

ఇప్పుడు తప్పటడుగులు. 'అన్నమయ్య' అని పేరు చూసి కళ్లు మూసుకుని పెట్టకండి. ఆయన సంకీర్తనల్లో ఆధ్యాత్మికాలూ ఉన్నాయి, శృంగారాలూ ఉన్నాయి. క్షేత్రయ్య పదాలైతే చెప్పనక్కర్లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కళ్లు మూసుకుని ఆస్వాదించే పెద్దమ్మే, కోడలి ముందు అదే పదం వినిపిస్తే ముఖం తిప్పుకుంటుంది. ఆమెను తప్పుపట్టాల్సిన పని లేదు, సమయం చూసుకోనిది మనమే.

వేళ కూడా అంతే ముఖ్యం. హరిశ్చంద్ర పద్యాల కోసం ఒకప్పుడు తెల్లవార్లూ నేలమీద కూర్చున్న పెదనాన్నకు, శుక్రవారం పొద్దున కాటి సీను పద్యం పెట్టి చూడండి. "పొద్దుగాలే కాటి పద్యాలేందిరా, అరిష్టం" అని కసురుకుంటారు. అదే పద్యం రాత్రి భోజనాలయ్యాక, వీధి అరుగు మీద అయితే తానూ గొంతు కలుపుతారు. సుప్రభాతం సాయంత్రం పెట్టకూడదు, 'జో అచ్యుతానంద' పొద్దున పెట్టకూడదు. ధనుర్మాసంలో తిరుమలలోనే సుప్రభాతానికి బదులు తిరుప్పావై చదువుతారు. ఆ నెలలో మీరూ అదే పెడితే, అడక్కుండానే మీకు మార్కులు పడతాయి.

ఫోన్ గురించి ఒక మాట. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపకుండా ఫోన్ పెద్దవాళ్ల చేతికి ఇవ్వకండి. కీర్తన అయిపోగానే దాని వెంట ఏ ఐటమ్ సాంగ్ వస్తుందో ఎవరూ చెప్పలేరు, ఇన్నాళ్ల మీ కష్టం పది సెకన్లలో పోతుంది. ప్రకటనలతోనూ ఇదే టెన్షన్. ఏరిన పాటలు మెమరీ కార్డులోకి ఎక్కించి చిన్న స్పీకర్‌లో పెట్టడం ఉత్తమం. వాట్సాప్‌లో ఒకేసారి ఇరవై లింకులు పంపితే ఒక్కటీ తెరవరు.

ఈ వారం అభ్యాసం: మీ కాగితంలోంచి ఒక్క పాట తీసుకోండి. దాని రాగం తెలియకపోతే పాట పేరుతో పాటు 'రాగం' అని కొట్టి వెతకండి, కీర్తనలకు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. దానికి మూడు మెట్లు కట్టండి. ప్రతి మెట్టు పక్కనా ఏం మార్చారో ఒక్క మాటలో రాయండి. రెండు మాటలు రాయాల్సి వస్తే మధ్యలో ఒక మెట్టు తప్పిపోయినట్టే, దాన్ని వెతకండి. రోజుకు ఒక మెట్టు మించి వినిపించకండి.

వాళ్లు వద్దన్న పాట ఉంటే పేరు కొట్టేయకండి. ఏ వేళ, ఎవరి ముందు, ఏ నిమిషంలో వద్దన్నారో దాని పక్కనే రాసి ఉంచండి. నాలుగో పాఠం మొత్తం ఆ పాటల మీదే.