ఊళ్లలో ఆరోగ్య పరిశోధన: సమ్మతి తీసుకోవడం ఎలా?

పీజీ థీసిస్ కోసమో పీహెచ్‌డీ కోసమో ఊళ్లకు వెళ్లి రక్త నమూనాలు, ఆరోగ్య వివరాలు సేకరించేవారిలో చాలామందికి సమ్మతి పత్రం ఫైలులో ఉండవలసిన కాగితాల్లో ఒకటి మాత్రమే. ఆ ధోరణి ఎక్కడికి దారితీస్తుందో నాటి ఖమ్మం జిల్లా అనుభవం చెబుతుంది. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ఇచ్చే ప్రయోగాత్మక కార్యక్రమాన్ని పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి ప్రారంభించాయి. కొందరు బాలికలు మరణించారన్న వార్తల నడుమ 2010 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ కమిటీ తేల్చలేదు. కానీ 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకం చేశారని, 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నాయని బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు, అడగవలసినవారిని అడగకపోవడం మాత్రం వేరే తప్పు.

పరిశోధనలో పాల్గొనేవారి హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం రాకముందు ఒక్క నమూనా కూడా తీసుకోకూడదు. క్లినికల్ ట్రయల్ (మందునో చికిత్సనో మనుషులపై పరీక్షించే అధ్యయనం) అయితే మొదటి వ్యక్తిని చేర్చుకునేలోపే సీటీఆర్‌ఐలో, అంటే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయించాలి.

సమాచార పత్రాన్ని ఇంగ్లీషులో రాసి అనువాదానికి పంపకుండా, నేరుగా తెలుగులో, ఆ ప్రాంతంవారు మాట్లాడుకునే మాటల్లో రాయండి. భద్రాచలం ఏజెన్సీ లాంటి చోట్ల కోయ మాట్లాడేవారికి అదే భాషలో చెప్పగల మనిషిని ముందే చూసుకోండి. ఇది చికిత్స కాదు, పరిశోధన అన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి, ఎందుకంటే డాక్టరు వచ్చి రక్తం తీస్తుంటే తమకు వైద్యం జరుగుతోందనే ఎవరైనా అనుకుంటారు. 5 మిల్లీలీటర్లు అని రాసినచోట ఒక చిన్న చెంచాడు అని కూడా రాయండి. మందులను పోల్చి చూసే ట్రయల్ అయితే, ఎవరికి ఏ మందు వస్తుందో చీటీలు తీసినట్టే నిర్ణయమవుతుందని, అది డాక్టరు చేతిలో కూడా ఉండదని దాచకుండా చెప్పండి. హాని జరిగితే ఖర్చు ఎవరు భరిస్తారు, ఎవరికి ఫోన్ చేయాలి, మధ్యలో మానేస్తే మామూలుగా అందే వైద్యానికి లోటు వస్తుందా అన్న మూడు ప్రశ్నలకూ సూటిగా జవాబుండాలి.

అడిగేది ఎవరన్నది కూడా ముఖ్యమే. సర్పంచి అనుమతి ఊళ్లోకి రావడానికి పనికొస్తుంది తప్ప ఏ ఒక్కరి సమ్మతికీ బదులు కాదు. ఆశా కార్యకర్త వెంట ఉంటే తలుపులు తెరుచుకుంటాయి, నిజమే. అయితే రేపు మాత్రలకు ఆమె దగ్గరికే వెళ్లవలసిన మనిషి ఆమె ఎదుట కాదనలేకపోవచ్చు. అందుకే పరిచయం అయ్యాక ఆమెను కాస్త దూరంగా ఉండమని, వివరాలు మీరే చెప్పి, ఆలోచించుకోవడానికి కనీసం ఒక రోజు గడువివ్వడం మంచిది. పోయిన కూలికి పరిహారం ఇవ్వవచ్చు గానీ, ఆ మొత్తానికి కమిటీ ఆమోదం ఉండాలి, దానికి ఆశపడి చేరేంత పెద్దది కాకూడదు.

చెప్పడం పూర్తయ్యాక "అర్థమైందా?" అని అడగకండి, తల ఊపడం తప్ప దానికి వేరే జవాబు రాదు. "ఇంటికెళ్లి మీవాళ్లకు దీని గురించి ఏం చెబుతారు?" అని అడిగి, వచ్చిన జవాబులో ఏది తప్పిపోయిందో అదే మళ్లీ వివరించండి. నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్న నాలుగు పేజీల పత్రం కంటే ఎక్కువ పని చేస్తుంది.

చదవడం రానివారు వేలిముద్ర వేయవచ్చు. అప్పుడు పరిశోధన బృందానికి సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా అక్కడే ఉండి, తానూ సంతకం చేయాలి. సాయంత్రం అన్ని పత్రాలూ ఒకేచోట పెట్టి ఒక్కరితో సంతకాలు పెట్టించడం సాక్ష్యం కాదు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితోపాటు పిల్లల అంగీకారమూ కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 7 ఏళ్లు దాటిన చిన్నపిల్లల నుంచి నోటిమాటగా, సుమారు 12 ఏళ్లు వచ్చిన దగ్గర్నుంచి 18 లోపువారి నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలైతే, తల్లిదండ్రులు చూడడానికి వచ్చే రోజున కలవాలి, లేదా వారి ఊరికే వెళ్లాలి. ఖర్చు, శ్రమ పెరుగుతాయి కాబట్టి ఆ మేరకు బడ్జెట్‌ను ముందే వేసుకోవాలి.

సంతకమైన పత్రం నకలు ఒకటి పాల్గొన్నవారి దగ్గరే ఉంచండి. మిగిలిన రక్తాన్ని మరో అధ్యయనానికి దాచదలిస్తే అందుకు విడిగా అడగాలి. అధ్యయనం సాగుతుండగా పద్ధతి మారినా, కొత్త ప్రమాదం తెలిసినా, చేరినప్పుడు మైనరుగా ఉన్నవారికి 18 ఏళ్లు నిండినా, వారి నుంచే మళ్లీ సమ్మతి తీసుకోవాలి.