చిప్ ఉంది, స్విచ్ ఆఫ్‌లో ఉంది

ఎంవీపీ కాలనీలో నాన్నగారి డెస్క్‌టాప్‌లో విండోస్ 11 వేయబోతే టీపీఎం 2.0 (రహస్య కీలను భద్రంగా దాచే సెక్యూరిటీ చిప్) లేదంటూ ఆగిపోయింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ద్వారకానగర్‌లో ఒక షాపువాళ్లు మదర్‌బోర్డు మార్చాలన్నారు. "బాగా నడిచే మిషన్‌ని పారేయాలా?" అని నాన్నగారికి ఒకటే టెన్షన్.

నాకు నమ్మకం కుదరలేదు. అందులో ఉన్నది ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్. వాటికి టీపీఎం కోసం వేరే చిప్ అక్కర్లేదు, ఆ ఏర్పాటు లోపలే ఉంటుంది. రీస్టార్ట్ చేసి, డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లాను. సెక్యూరిటీలో వెతికాను, లేదు. అడ్వాన్స్‌డ్‌లో నాలుగో మెనూ అడుగున "పీటీటీ: డిసేబుల్డ్" అని చిన్న అక్షరాల్లో కనబడింది. ఇంటెల్ పెట్టిన పేరు వేరు కానీ, అదే టీపీఎం! ఏఎండీ ప్రాసెసర్ అయితే "ఎఫ్‌టీపీఎం" అని ఉంటుంది. ఎనేబుల్ చేసి ఎఫ్10తో సేవ్ చేశాను. అంతే, ఇన్‌స్టాల్ సాగింది.

ఇంత అవసరమైన స్విచ్‌కి మామూలు మనిషికి అర్థమయ్యే పేరు పెట్టకపోవడం అన్యాయం. విండోస్‌లోనే ఒక బటన్ ఇవ్వాల్సింది.

ఒక్క జాగ్రత్త: బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే, బయోస్ ముట్టుకునే ముందే ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి.