మొండికేసిన ఫైల్‌ను డిలీట్ చేయడం ఎలా?

డిగ్రీ సీట్ల కోసం పెట్టే దోస్త్ దరఖాస్తులు మొదలైతే నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల నెట్ సెంటర్లు కిటకిటలాడతాయి. దేవరకొండ నుంచో, హాలియా నుంచో వచ్చిన పిల్లలు ఆధార్, ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్ స్కాన్ చేయించి, అప్‌లోడ్ అయిందనిపించుకుని, బస్సుకు టైమైందని లేచిపోతారు. స్కాన్ చేసిన ఫైళ్లు మాత్రం డెస్క్‌టాప్ మీదే ఉండిపోతాయి. తీసేద్దామని చూసినవాళ్లు కూడా ఒక్కోసారి "డిలీట్ అయితలేదన్నా" అని వదిలేస్తారు. దయచేసి అలా వదలకండి. మీ తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో మీకు తెలియదు.

కంప్యూటర్ ఊరికే మొరాయించదు. డిలీట్ కానప్పుడు తెర మీద వచ్చే చిన్న డబ్బాను చాలామంది చదవకుండానే క్యాన్సిల్ కొట్టేస్తారు. కారణం అందులోనే ఉంటుంది. ముందు అది చదవండి. ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ 10, 11లకు పనికొస్తాయి.

ఎక్కువగా కనిపించేది 'ఫైల్ ఇన్ యూజ్'. అంటే ఏదో ఒక ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకుని ఉంది. ఆ ప్రోగ్రామ్ పేరు చాలాసార్లు ఆ డబ్బాలోనే రాసి ఉంటుంది. వర్డ్ అయినా, పీడీఎఫ్ రీడర్ అయినా, స్కానర్ సాఫ్ట్‌వేర్ అయినా ముందు దాన్ని మూసేయండి. మూసినా పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ఆ ప్రోగ్రామ్‌ను ఎంచుకుని 'ఎండ్ టాస్క్' ఇవ్వండి. సేవ్ చేయని పని అందులో ఉంటే పోతుంది కాబట్టి అది ముందే చూసుకోండి. నెట్ సెంటర్‌లో అయితే కౌంటర్ దగ్గరున్న వాళ్లను ఒక మాట అడిగి చేయండి.

కొన్నిసార్లు అన్నీ మూసేసినా, ఫైల్ 'విండోస్ ఎక్స్‌ప్లోరర్'లో తెరిచి ఉందని వస్తుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఫోల్డర్ కిటికీలో కుడివైపు చూడండి. ఫైల్ మీద ఒక్కసారి క్లిక్ చేయగానే అక్కడ మెమో బొమ్మ కనిపిస్తోందా? దాన్ని ప్రివ్యూ పేన్ అంటారు. మీరు తెరవకపోయినా, ఆ బొమ్మ చూపించడానికి విండోసే ఫైల్‌ను తెరుస్తుంది. ఆల్ట్, పి కలిపి నొక్కితే ఆ పేన్ మూసుకుంటుంది. వేరే ఫోల్డర్‌లోకి వెళ్లి, తిరిగి వచ్చి డిలీట్ చేయండి. అప్పటికీ పోకపోతే టాస్క్ మేనేజర్‌లో 'విండోస్ ఎక్స్‌ప్లోరర్' మీద రైట్ క్లిక్ చేసి 'రీస్టార్ట్' ఇవ్వండి. తెర ఒక్క క్షణం ఖాళీ అయి మళ్లీ వస్తుంది, కంగారు పడకండి.

ఎవరు పట్టుకున్నారో అప్పటికీ తేలకపోతే స్టార్ట్‌లో 'రిసోర్స్ మానిటర్' అని వెతికి తెరవండి. సీపీయూ ట్యాబ్‌లో 'అసోసియేటెడ్ హ్యాండిల్స్' అనే చోట వెతికే పెట్టె ఉంటుంది. అక్కడ ఫైల్ పేరు కొంత టైప్ చేస్తే, దాన్ని వాడుతున్న ప్రోగ్రామ్ పేరు కింద కనిపిస్తుంది. అది మీరు గుర్తుపట్టగల ప్రోగ్రామ్ అయితేనే ఆపండి. 'సిస్టమ్', 'ఎస్‌వీసీహోస్ట్' లాంటి విండోస్ సొంత ప్రోగ్రాముల పేర్లు కనిపిస్తే ముట్టుకోకుండా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. రీస్టార్ట్ అయితే అంతా మొదటి నుంచి మొదలవుతుంది.

ఫైల్ పోయాక కూడా పని అయిపోయినట్టు కాదు. రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఇంకో కాపీ ఉందేమో చూడండి, ఫైళ్లు వాట్సాప్ వెబ్ ద్వారా తెచ్చుకుని ఉంటే లాగ్ అవుట్ అవ్వండి.

ఇంట్లో సొంత కంప్యూటరై, రీస్టార్ట్ చేసినా ఫైల్ కదలకపోతే సేఫ్ మోడ్ ఉంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వరుసగా ఎంచుకుని మళ్లీ రీస్టార్ట్ ఇస్తే ఒక జాబితా వస్తుంది. అందులో 4 నొక్కండి. చాలా తక్కువ ప్రోగ్రాములతో విండోస్ తెరుచుకుంటుంది కాబట్టి ఫైల్‌ను పట్టుకునేవి దాదాపు ఉండవు. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్ రికవరీ కీ అడగవచ్చు. అది చేతిలో ఉంచుకునే మొదలుపెట్టండి.

'యాక్సెస్ డినైడ్' అని వస్తే అది అనుమతి సమస్య. పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ తెచ్చి కొత్తదానికి తగిలించినప్పుడు తరచూ వస్తుంది. ఫైల్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఓనర్ పక్కనున్న 'చేంజ్' ద్వారా మీ యూజర్ పేరు పెట్టి, ఫుల్ కంట్రోల్ ఇచ్చుకోవాలి. ఇది మీ సొంత ఫైళ్లకు మాత్రమే. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లలో జాగా కోసం ఇలా చేశారంటే కంప్యూటర్ తెరుచుకోకుండా పోవచ్చు. కాలేజీ ల్యాబ్‌లోనో, ఆఫీసులోనో అయితే అక్కడ సిస్టమ్స్ చూసుకునే వాళ్లకే చెప్పండి.

'పాత్ టూ లాంగ్' అని వస్తే సులువు. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే దారి మొత్తం 260 అక్షరాలు దాటుతుంది. పై ఫోల్డర్ల పేర్లు 'ఎ', 'బి' అని కుదించండి, చాలు.

ఏది చేసినా సరే, 'అన్‌లాకర్' అంటూ కనిపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడినుంచి పడితే అక్కడినుంచి దించకండి. అలాంటి వాటితో పాటు ప్రకటనల చెత్త, ఒక్కోసారి వైరస్ కూడా వస్తాయి. అంత అవసరమైతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో, ఫైల్‌ను ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో చూపించే 'ఫైల్ లాక్‌స్మిత్' ఉంది, అదే వాడండి.

పెన్‌డ్రైవ్ లేదా మెమరీ కార్డు 'రైట్ ప్రొటెక్టెడ్' (అందులో ఏదీ మార్చనివ్వని లాక్ పడింది) అంటే తప్పు ఫైల్‌ది కాదు. కార్డు అడాప్టర్ పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, దాన్ని పైకి జరిపి చూడండి. మీట లేని పెన్‌డ్రైవ్ ఉన్నట్టుండి అలా అంటే అది పాడైపోతూ ఉండవచ్చు. ఫైల్ తీసేయడం సంగతి తర్వాత, ముందు అందులోని ఫొటోలు, సర్టిఫికెట్లు వేరేచోటికి కాపీ చేసుకోండి.