చదరంగం ఇంజన్ లోపలి సెట్టింగులు – 3వ పాఠం: హ్యాష్, స్కిల్ లెవెల్

పోయిన పాఠంలో చదరంగం ఇంజన్ అయిన స్టాక్‌ఫిష్‌ను నల్ల కిటికీలో (కమాండ్ ప్రాంప్ట్‌లో) తెరిచి, యు, సి, ఐ అనే మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాం. గబగబా బోలెడు వరుసలు దొర్లి, చివర ‘యుసిఐఓకే’ అని ఆగింది. ఆ వరుసలు చూసి చాలామంది కిటికీ మూసేసి ఉంటారని నా అనుమానం. ఈసారి మూయకండి. ‘ఆప్షన్ నేమ్’ అని మొదలయ్యే ప్రతి వరుసా ఒక సెట్టింగే. వాటిలో ‘స్పిన్’ అని ఉంటే అంకె ఇవ్వాలి, ‘చెక్’ అని ఉంటే ట్రూ లేదా ఫాల్స్ ఇవ్వాలి. ఇవాళ్టికి అంతే వ్యాకరణం.

ముందు హ్యాష్, అంటే ఇంజన్ తన లెక్కలు రాసుకునే మెమరీ. ఆ వరుసలో డిఫాల్ట్ 16 అని కనిపిస్తుంది. 16 ఎంబీ అన్నమాట, ఇప్పటి కంప్యూటర్లకు మరీ పిసినారితనం. మంత్రి ముందున్న బంటును మొదట కదిపి, ఆ తర్వాత దాని పక్క బంటును కదిపినా, వరుస తిరగేసినా, చివరికి బల్ల మీద నిలిచేది ఒకే స్థితి కదా. ఇంజన్ దాన్ని ఒకసారి లెక్కగట్టి హ్యాష్‌లో రాసుకుంటుంది. మళ్లీ ఎదురైతే లెక్క మొదటినుంచి చేయకుండా అక్కడ చూసుకుంటుంది. చోటు నిండితే పాతవి చెరిపేసి, వాటి లెక్క మళ్లీ మొదలెడుతుంది. స్టాక్‌ఫిష్ సెకనుకు లక్షల స్థితులు చూస్తుంది కాబట్టి 16 ఎంబీ ఇట్టే నిండుతుంది.

ఇలా కొట్టండి: సెట్‌ఆప్షన్ నేమ్ హ్యాష్ వాల్యూ 1024. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలాలి. ‘సెట్‌ఆప్షన్’ మాత్రం కలిపే రాయాలి. ఇంజన్ ఏమీ మాట్లాడకపోతే కంగారు పడొద్దు, విన్నట్టే. పేరులో తప్పుంటేనే ‘నో సచ్ ఆప్షన్’ అని మొహమాటం లేకుండా చెప్తుంది. థ్రెడ్స్ (ఇంజన్ ఒకేసారి ఎన్ని పాయలుగా లెక్క నడపాలన్నది) కూడా మార్చాలనుకుంటే అది ముందు, హ్యాష్ తర్వాత.

ఎంత ఇవ్వాలి? 8 జీబీ మెమరీ ఉంటే 1024 గానీ 2048 గానీ చాలు. నా పాత లాప్‌టాప్‌లో ఉన్నదే 4 జీబీ. ఆశకు పోయి హ్యాష్‌కు 4096 ఇచ్చాను. మౌస్ బాణం ఎక్కడిదక్కడే బిగుసుకుపోయింది. చివరికి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు, స్కిల్ లెవెల్, అంటే ఇంజన్ ఎంత బలంగా ఆడాలో చెప్పే అంకె. 0 నుంచి 20 దాకా, డిఫాల్ట్ 20. తగ్గిస్తే మనిషిలా బలహీనంగా ఆలోచిస్తుందనుకుంటాం గానీ, అది చేసేది వేరు. కనీసం నాలుగు ఎత్తులు పోల్చి చూసి, వాటిలోంచి అప్పుడప్పుడు కావాలనే కాస్త తక్కువదాన్ని ఎంచుతుంది. అందుకే పది ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి, పదకొండోది పిల్లాడిలా వేస్తుంది. పిల్లలతో ఆడించడానికైతే నాకు రేటింగ్‌ను బట్టి బలం తగ్గించే ‘యుసిఐ_ఎలో’యే నచ్చుతుంది. ముందు ‘యుసిఐ_లిమిట్‌స్ట్రెంగ్త్’కు ట్రూ ఇచ్చి, తర్వాత 1320కి తగ్గకుండా రేటింగ్ ఇవ్వాలి. అది ట్రూగా ఉన్నంతసేపు స్కిల్ లెవెల్ పక్కకు పోతుంది.

చేసి చూడండి. స్కిల్ లెవెల్ 3 పెట్టండి. ‘పొజిషన్ స్టార్ట్‌పోస్ మూవ్స్ ఈ2ఈ4 ఈ7ఈ5’ అని కొట్టి, కింద ‘గో డెప్త్ 15’ అనండి (డెప్త్ అంటే ఎన్ని ఎత్తుల లోతు దాకా చూడాలన్నది). ‘ఇన్ఫో’ వరుసలు దొర్లి ‘బెస్ట్‌మూవ్’ వస్తుంది. ఇదే నాలుగైదుసార్లు చేస్తే ఎత్తు మారుతూ ఉంటుంది. పైన ఇన్ఫో వరుసలో మొదటిగా చూపిన ఎత్తు ఒకటి, కింద బెస్ట్‌మూవ్ మరొకటి అవడం కూడా చూస్తారు. తనకు తెలిసింది పైన రాసి, చెప్పింది కింద రాస్తోందన్నమాట.

నల్ల కిటికీ మూస్తే ఇవన్నీ చెరిగిపోతాయి. బొమ్మల బల్ల ఉన్న ప్రోగ్రామ్‌లో మాత్రం గుర్తుండిపోతాయి. మేనల్లుడి కోసం ఒకసారి స్కిల్ లెవెల్ 3 పెట్టి మర్చిపోయాను. వారం పాటు నా ఆటలన్నీ దానికే చూపించి, అది చెప్పిన ఎత్తుల్ని నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. ఆ పేజీలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

ఇంకోటి, ఆన్‌లైన్‌లో ఎదుటి మనిషితో ఆడుతూ పక్కన దీన్ని తెరిస్తే అది మోసమే. ఖాతా పోతుంది.

ఇంటిపని: మీరు ఓడిన ఆట ఒకటి తీసి, ఒకే స్థితిని హ్యాష్ 16తో ఒకసారి, 1024తో ఒకసారి డెప్త్ 25 దాకా నడపండి. మధ్యలో కిటికీ మూసి తెరవాలి, లేకపోతే రెండోసారి పాత లెక్క వాడేసుకుంటుంది. ఇన్ఫో వరుసలో ‘టైమ్’ పక్కనున్న అంకె మిల్లీసెకన్లు. రెండూ రాసి ఉంచండి, నాలుగో పాఠంలో మల్టీపీవీ (ఒకేసారి పలు ఎత్తులు చూపించే సెట్టింగు) దగ్గర అవే కావాలి.