బారసాలకు ముందే చూసుకోండి: బయటి సంప్రదాయం పేరు పెట్టేవాళ్ళకి జాగ్రత్తలు

పునర్వసు రెండో పాదంలో పుట్టిన మగపిల్లాడికి ‘కో’ అక్షరంతో పేరు రావాలంటారు పంతులుగారు. కోటేశ్వరరావు అంటే తాతల కాలం పేరని ఇంట్లో ఒప్పుకోరు. ఫోన్లో వెతికితే ‘కోఫీ’ దొరుకుతుంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ పేరు కదా, ఇంకేం, ఇరవై ఒకటో రోజు బియ్యంలో ఉంగరంతో రాసేద్దామనుకుంటారు. ఒక్క నిమిషం ఆగండి.

ఘానాలో అకాన్ ప్రజలు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ. అన్నన్ పుట్టిన 1938 ఏప్రిల్ 8 శుక్రవారమే. మంగళవారం పుడితే క్వాబెనా, శనివారమైతే క్వామే. మన నక్షత్రం చూసుకుని వాళ్ళ వారం వదిలేస్తే ఎలా? పైగా రావులపాలెం సెంటర్లో ఆ పేరు పెట్టి గట్టిగా పిలిస్తే హోటల్ కుర్రాడు గ్లాసు పట్టుకొచ్చేస్తాడు. అది వేరే సంగతి.

పేరు నచ్చగానే, వాళ్ళలో దాన్ని ఎవరికి, ఏ సందర్భంలో పెడతారో కనుక్కోండి. బాలిలో మామూలుగా వాయన్ మొదటి బిడ్డ, కెతుత్ నాలుగో బిడ్డ. ఒక్కగానొక్క పిల్లకి కెతుత్ అని పెడితే మిగతా ముగ్గురూ ఏరని అడుగుతారు. నైజీరియాలో యోరుబా వాళ్ళు తాత పోయాక పుట్టిన మగబిడ్డకి బాబాతుందే అని పెడతారు, పోయిన పెద్దాయనే తిరిగొచ్చాడని. తాతగారు నిక్షేపంలా అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటే ఆ పేరు జోలికి పోకండి.

సిక్కుల్లో గుర్‌ప్రీత్ ఆడపిల్లా కావచ్చు, మగపిల్లాడూ కావచ్చు. పక్కన సింగ్, కౌర్ ఉంటేనే తెలుస్తుంది. రష్యన్లకి సాషా ముద్దుపేరు. అబ్దుల్ అంటే సగం పేరే, వెనక దేవుడి నామం ఉండాలి. ఇలాంటివి వెబ్‌సైట్ జాబితాల్లో రాయరు. కువైట్‌లో పనిచేసే మీ బావగారినో, పక్క వీధిలో ఉర్దూ మాట్లాడే కుటుంబాన్నో అడిగితే చెప్పేస్తారు. అడగడానికి మొహమాటం దేనికి?

తర్వాత మన నోటికి ఎలా పలుకుతుందో చూడండి. ‘నోరా’ చాలా దేశాల్లో చక్కటి ఆడపిల్ల పేరు. మన బడిలో అయితే ‘నోరా, వీపుకు చేటు తేకే’ అని రోజూ ఏడిపిస్తారు. అమ్మమ్మ చేత పెరట్లోంచి గట్టిగా పిలిపించండి. ఆవిడ నోట్లో ఏమైతే అదే ఊళ్ళో స్థిరపడుతుంది. (ఎంత స్టైలు పేరు పెట్టినా చివరికి పండుగాడో చిట్టితల్లో అవుతారు, అందులో అనుమానం లేదు.)

అసలు టెన్షన్ కాగితాల దగ్గర. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి, కానీ పేరు అప్పుడే ఇవ్వక్కర్లేదు. నమోదైన 12 నెలల్లోగా రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత అపరాధ రుసుముతో 15 ఏళ్ళ దాకా వీలుంది. కాబట్టి బారసాల ముహూర్తం తరుముకొస్తోందని పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పరుగెత్తకండి. బియ్యంలో ఒక పేరు రాసి, రిజిస్టర్లో వేయడానికి నాలుగు వారాలు ఆలోచించుకున్నా ఏమీ కాదు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్ళకి బడిలో చేర్చడం నుంచి పాస్‌పోర్టు దాకా ఆ జనన ధ్రువపత్రమే ఆధారం.

ఇంగ్లిష్ స్పెల్లింగు ఒకటే ఖాయం చేసుకోండి. న్యూమరాలజీ కోసం అక్షరాలు కలపాలనుకుంటే ఆ గొడవ కూడా ముందే తేల్చేయండి. ఇంటిపేరు ముందో వెనకో, పొట్టి అక్షరమో పూర్తిగానో తండ్రి ఆధార్‌తో పోల్చి రాయించండి. ధ్రువపత్రం చేతికిచ్చిన చోటే, బయటికి రాకముందే, ఒక్కో అక్షరం చదువుకోండి.