పాత వయొలిన్ పలకడం లేదా? లోపం వేలిదో, వాయిద్యానిదో ముందు తేల్చుకోండి

చవగ్గా దొరికిన సెకండ్‌హ్యాండ్ వయొలిన్‌తో సంగీతం మొదలుపెట్టి, కొన్నాళ్లకే "నాకు శ్రుతిజ్ఞానం లేదు" అని పెట్టె మూసేసేవాళ్లు ఎందరో. వాళ్లలో చాలామందికి జ్ఞానం బాగానే ఉంటుంది. తీగను బిగించే బిరడా నిలవదు, తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి వాలి ఉంటుంది, కమాను వెంట్రుకలకు పట్టునిచ్చే రోజిన్ అంటి ఉండదు. తప్పు మాత్రం తమదే అనుకుంటారు. పిల్లల విషయంలో ఇది మరీ అన్యాయం.

అందుకే ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఒక పరీక్ష చేయండి. వేలు పెట్టకుండా ఉత్త తీగ మీద కమానును నిదానంగా, ఆ చివరి నుంచి ఈ చివరికి లాగండి. ఉత్త తీగే సరిగా పలకకపోతే వాయిద్యాన్నీ కమానునూ అనుమానించాలి. ఉత్త తీగ నిండుగా పలికి, వేలు పెట్టినప్పుడే నాదం చెడితే అప్పుడు వేలినీ, వేలి కింది ఫింగర్‌బోర్డునూ చూడాలి.

శ్రుతి చేసిన కాసేపటికే దిగిపోతోంది

పాత వయొలిన్‌కి మొదటి జబ్బు ఇదే. తీగలు కొత్తవైతే కొన్ని రోజులు సాగుతాయి, అది మామూలే. పాత తీగలే అయినా దిగుతున్నాయంటే బిరడాలు జారుతున్నాయి. బిరడా చెక్క, దాని రంధ్రం రెండూ వాతావరణాన్ని బట్టి మారతాయి. వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోతాయి, ఎండాకాలంలో ఎండి వదులవుతాయి. బిరడా ఒక చివర సన్నగా, ఇంకో చివర లావుగా ఉంటుంది కాబట్టి ఊరికే తిప్పితే చాలదు, లోపలికి నొక్కుతూ తిప్పాలి. తీగ చుట్లు కూడా బిరడా తల ఉన్న వైపు గోడకు చేరేలా పడాలి. అప్పుడు తీగే బిరడాను లోపలికి లాగి పట్టి ఉంచుతుంది.

అయినా జారుతుంటే బిరడా తీసి చూడండి. రంధ్రం గోడలకు రాసుకునే రెండు చోట్లా మెరిసే పట్టీలు కనిపించాలి. వాటి మీద కాస్త సుద్ద పొడి రాస్తే పట్టు వస్తుంది. తిరగకుండా బిగుసుకుపోయే బిరడాకైతే పొడి సబ్బు రాయాలి. పట్టీ ఒక్కచోటే ఉందంటే రంధ్రం గుండ్రదనం పోయింది. రంధ్రాన్ని సరిచేసి కొత్త బిరడా అమర్చడం రిపేరు తెలిసినవాళ్ల పని. బిరడాకు జిగురు మాత్రం పూయకండి.

మన పద్ధతిలో కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం కదా, అక్కడా ఒక చిక్కుంది. పాదం బిరడాకు తగిలితే వాయిస్తున్నంతసేపూ శ్రుతి కదులుతూనే ఉంటుంది. తల చివరి చుట్ట మాత్రమే పాదానికి ఆనేలా సర్దుకోండి. స్టీలు తీగలు వాడేవాళ్లు నాలుగింటికీ ఫైన్ ట్యూనర్లు, అంటే శ్రుతిని కొంచెం కొంచెంగా సర్దే చిన్న మరలు, పెట్టించుకుంటే ఈ తంటా సగం తగ్గుతుంది.

బ్రిడ్జి వాలిపోయింది

బిరడాలు బిగించిన ప్రతిసారీ తీగలు బ్రిడ్జి పైఅంచును ఫింగర్‌బోర్డు వైపు కొంచెం కొంచెం లాగుతాయి. పట్టించుకోకపోతే బ్రిడ్జి వంగిపోతుంది, లేదా ఒకరోజు టప్పున పడిపోతుంది. పక్క నుంచి చూస్తే టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే ముక్క) వైపున్న బ్రిడ్జి ముఖం పైచెక్కకు నిటారుగా కనిపించాలి. లేదంటే తీగలు కాస్త వదులు చేసి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతో బ్రిడ్జి పైఅంచు పట్టుకుని మెల్లగా వెనక్కి తేవాలి. పాదాలు రెండూ ఎఫ్ ఆకారపు రంధ్రాల లోపలివైపు గాట్లకు ఎదురుగా ఉండాలి. బ్రిడ్జి ఎత్తు తక్కువగా ఉన్న వైపు మొదటి తీగ (అన్నిటికన్నా సన్ననిది) కిందకు రావాలి. తీగ కూర్చునే గాట్లలో పెన్సిల్ ముక్కు రాస్తే, తీగ జారుతుంది కానీ బ్రిడ్జిని లాక్కుపోదు.

బ్రిడ్జిని జిగురుతో అంటించేవాళ్లు ఉన్నారు. దాన్ని నిలబెట్టాల్సింది తీగల ఒత్తిడే.

లోపల ఏదో దొర్లుతోంది, నాదం డొల్లగా ఉంది

సౌండ్‌పోస్ట్ పడిపోయింది. మొదటి తీగ వైపు బ్రిడ్జి పాదానికి కొంచెం వెనకగా, లోపల పైచెక్కకూ కిందిచెక్కకూ మధ్య నిలబడే పుల్ల అది. మందం దాదాపు 6 మిల్లీమీటర్లు. దాన్ని జిగురుతో కాదు, ఒత్తిడితోనే నిలబెడతారు. అది లేకుండా తీగలు బిగించి ఉంచితే పైచెక్క కుంగిపోవచ్చు, పగలవచ్చు. కాబట్టి చప్పుడు వినగానే నాలుగు తీగలూ వదులు చేసేయండి. ఎఫ్ రంధ్రంలోంచి నిలబెట్టే ప్రత్యేక పరికరం, చేతి అలవాటు రెండూ కావాలి. ఇంట్లో వైరు ముక్కతో ప్రయత్నిస్తే రంధ్రం అంచులు పాడవుతాయి.

ఈ పని ఎవరు చేస్తారో ప్రభుత్వ సంగీత కళాశాలల్లోని వయొలిన్ అధ్యాపకులను అడగండి. హైదరాబాద్ రామ్‌కోటిలో త్యాగరాజ కళాశాల, విజయవాడలో ఘంటసాల కళాశాల ఉన్నాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన విజయనగరం కళాశాల 1919లో మొదలైంది. ఆ ఊళ్లలో తీగ మార్చేవాళ్ల నుంచి సౌండ్‌పోస్ట్ నిలబెట్టేవాళ్ల దాకా అధ్యాపకులకు తెలిసి ఉంటారు.

ఈ బాధ రాకుండా ఉండాలంటే తీగలు మార్చేటప్పుడు ఒకటి తీసి, దాని చోట కొత్తది వేశాకే రెండోది తీయండి. నాలుగూ ఒకేసారి తీస్తే పోస్ట్ పడిపోయే ప్రమాదం ఎక్కువ.

ఒక్కో స్వరానికి జుమ్మని అదురుతోంది

ముందు బయట వెతకండి. ఫైన్ ట్యూనర్ మర వదులైందేమో, గడ్డం ఆనించే చెక్క టెయిల్‌పీస్‌కు తగులుతోందేమో, తీగ మీది చుట్టు ఊడిందేమో చూడండి. ఇవేవీ కాకపోతే వేలి కణుపుతో వయొలిన్ అంచు చుట్టూ మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. ఒకచోట శబ్దం పగిలినట్టు వినిపిస్తే అక్కడ అతుకు విడింది. అతుకు విడటం పెద్ద నష్టమేమీ కాదు. చెక్క కుంచించుకున్నప్పుడు పగలకుండా అతుకే విడిపోవాలని, మళ్లీ తెరవడానికి వీలైన జంతు జిగురుతోనే దాన్ని అంటిస్తారు. అందుకే అక్కడ ఫెవిక్విక్ పోయవద్దు. వయొలిన్ రిపేరు చేసేవాళ్లు వేడి జిగురుతో అంటించి, క్లాంపులు పెట్టి ఇస్తారు.

వేలు పెట్టినప్పుడే అదురుతుంటే ఫింగర్‌బోర్డు మీద తీగల గాట్లు పడ్డాయేమో చూడండి. చవక వయొలిన్‌లలో అది గట్టి నల్లచెక్క (ఎబొనీ) కాదు, మెత్తని చెక్కకు నల్లరంగు వేసినది. చదును చేయిస్తే సరిపోతుంది.

కమాను లాగితే జారిపోతోంది, లేదా కీచుమంటోంది

జారితే రోజిన్ లేదు. కొత్త రోజిన్ బిళ్ల అద్దంలా నున్నగా ఉంటుంది. దాన్ని గరుకు కాగితంతో కాస్త గీకితేగాని వెంట్రుకలకు అంటదు. జిడ్డు కూడా కారణం కావచ్చు. గమకాలకు వేలు జారడానికి కొందరు కొబ్బరినూనె రాసుకుంటారు. అది కమాను తిరిగే చోటుకు చేరితే ఎంత రోజిన్ రాసినా పట్టదు. తీగలను పొడి నూలుగుడ్డతో తుడవండి. స్పిరిట్‌తో తుడిస్తే, అది చెక్క మీద పడి వార్నిష్ కరుగుతుంది.

కీచుమంటే ముందు కమాను బిగువు చూడండి. మధ్యలో కర్రకూ వెంట్రుకలకూ పెన్సిల్ పట్టేంత సందు చాలు. వాయించాక వదులు చేయకపోతే కర్ర వంపు పోతుంది. ఇదంతా బాగుంటే మిగిలింది చేతి పని. బ్రిడ్జికీ ఫింగర్‌బోర్డుకూ మధ్య, బ్రిడ్జికి సమాంతరంగా కమాను వెళ్లాలి. అద్దం ముందు కూర్చుంటే వంకర వెంటనే కనిపిస్తుంది.

ముట్టకుండానే వెంట్రుకలు ఒక్కొక్కటీ తెగిపోతుంటే మూసి ఉంచిన పెట్టెలో పురుగు చేరింది. పెట్టెను ఖాళీ చేసి, దుమ్ము దులిపి ఎండలో పెట్టి, వెంట్రుకలు కొత్తవి కట్టించుకోండి.

మొదటి తీగ మాటిమాటికీ తెగుతోంది

ఎక్కువసార్లు ఇది శ్రుతి లెక్క తప్పడం వల్లే. ప్యాకెట్ మీద జి, డి, ఎ, ఇ అని ఉంటుంది. మనం నాలుగు తీగలనూ మంద్ర షడ్జం, మంద్ర పంచమం, షడ్జం, పంచమంగా కలుపుతాం. ఐదు శ్రుతికి, అంటే జి షడ్జానికి, మూడో తీగ, నాలుగో తీగ ప్యాకెట్‌లో చెప్పిన చోటే ఉంటాయి. రెండోది ఎ నుంచి జికి, మొదటిది ఇ నుంచి డికి దిగాలి. శ్రుతి చూపే యాప్ చూస్తూ దించాల్సిన తీగను పైకి బిగిస్తే తెగక మానదు. రెండున్నర శ్రుతికైతే, అంటే డి షార్ప్ షడ్జానికైతే, నాలుగూ బాగా దిగుతాయి. అప్పుడు తీగలు మరీ వదులై, గట్టిగా నొక్కినా శ్రుతి మారిపోతుంటే కాస్త లావు తీగలు వేసుకోండి.

శ్రుతి సరిగానే ఉండి ఎప్పుడూ ఒకేచోట తెగుతుంటే అక్కడి గాటు పదునుగా ఉందన్నమాట.

వేళ్లు విపరీతంగా నొప్పి పుడుతున్నాయి

మొదట్లో కొంత నొప్పి సహజం. నొక్కడానికే బలమంతా పోతుంటే తీగలు ఎత్తులో ఉన్నాయి. ఫింగర్‌బోర్డు చివర మొదటి తీగకు సుమారు మూడున్నర, నాలుగో తీగకు ఐదున్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే చాలు. బ్రిడ్జిని అరగదీయించాలి. మరీ తగ్గించకండి, శ్రుతి దించిన తీగలు వెడల్పుగా ఊగి బోర్డుకు కొట్టుకుంటాయి.

ఉత్త తీగలు బాగున్నాయి, స్వరాలే కుదరడం లేదు

ఇక వేళ్ల సంగతి. మాయామాళవగౌళలో సరళి వరుసలు మొదలుపెట్టడం వయొలిన్‌కి గొప్ప మేలు చేస్తుంది. స నుంచి రి దగ్గర, రి నుంచి గ దూరం, గ నుంచి మ దగ్గర. ప ద ని స లోనూ సరిగ్గా అవే దూరాలు. అంటే షడ్జం తీగ మీద చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు ఎక్కడ పడ్డాయో పంచమం తీగ మీదా అక్కడే పడాలి. చాలామందికి తప్పేది రి. చూపుడువేలు మీదకు జరిగి శుద్ధ రిషభం దాని పై స్థానమైన చతుశ్రుతి రిషభం వైపు పోతుంది. దాన్ని షడ్జానికి బాగా దగ్గరగా లాగాలి.

శ్రుతిపెట్టె లేకుండా సాధన చేయకండి. మంద్రంలో ఉంగరం వేలితో పంచమం తీగ మీద షడ్జం పట్టి, పక్కనున్న ఉత్త షడ్జం తీగతో కలిపి ఒకేసారి కమాను లాగండి. రెండూ ఒక్క నాదంగా కలిస్తే వేలు సరైన చోట ఉంది. అల అలగా ఊగుతుంటే వేలిని వెంట్రుకవాసి జరిపి, ఆ ఊగు ఆగేచోటు పట్టుకోండి.